చేతికి తెలిసిన ఎనభై ఊళ్ళు

ఒక్కసారి కూడా విమానం ఎక్కని మనిషిని ఎనభై ఊళ్ళ కోడ్లు కంఠతా పట్టమంటే ఎలా ఉంటుందో నన్నడగండి. నాకు నలభై ఒకటో ఏడు నడుస్తుండగా ఆ పని నెత్తిన పడింది. అప్పటికి ఆరేళ్ళుగా శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ట్రాలీలు తోస్తున్నాను. ప్రయాణికులు సామాను దించుకుని ఎక్కడపడితే అక్కడ వదిలేసిన ట్రాలీలను ఒకదాంట్లో ఒకటి దూర్చి, పొడుగాటి వరుస చేసి, మళ్ళీ లోపలి గుమ్మం దాకా తోసుకుపోవడం మా పని. ఆ పనిలో ఆడవాళ్ళం ముగ్గురమే. మొదట్లో మగవాళ్ళు నవ్వారు. ఒకరోజు వాళ్ళు తోసేదానికంటే పొడుగు వరుసను ఒక్కదాన్నే తోసి చూపించాక నవ్వడం మానేశారు. నాకు కోపం వస్తే బలం కూడా వస్తుంది.

ఆ వేసవిలో మా కాంట్రాక్టు వాళ్ళు ఒక కబురు చెప్పారు. ట్రాలీల కాంట్రాక్టు ఏడాది చివరితో అయిపోతుంది, తర్వాత వచ్చేవాళ్ళు వాళ్ళ మనుషులనే తెచ్చుకుంటారు. మాలో కొందరిని మాత్రం లోపల బ్యాగులు వేరుచేసే హాల్లోకి తీసుకుంటారు. దానికొక పరీక్ష. ప్రతి ఊరికీ మూడు ఇంగ్లీషు అక్షరాల కోడ్ ఒకటి ఉంటుంది. బ్యాగుకు కట్టే చీటీ మీద పెద్దగా కనిపించేది అదే. అలాంటివి ఎనభై నేర్చుకోవాలి. డెబ్భై సరిగ్గా రాస్తే లోపలికి, లేకపోతే ఇంటికి. రెండే అవకాశాలు.

ఇంటికి పోవడమంటే మాటలా? మా ఆయన గూడ్స్ ఆటో నడుపుతాడు. గిరాకీ ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు తుక్కుగూడ చౌరస్తాలో ఆటో నీడన కూర్చుని పేపరు చదువుకుంటాడు. నెలనెలా తప్పకుండా వచ్చేది నా జీతమే. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ రెండో ఏడు. ఆ జీతం ఆగితే దాని చదువు ఏమవుతుందో తలుచుకోవడానికే భయం వేసింది. ఇంకో భయం కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. మా ఊరు మంఖాల్‌లో తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తర్వాత పెన్ను పట్టింది సంతకాలకే. ఈ వయసులో నా బుర్రకు కొత్తది ఏదైనా ఎక్కుతుందా అని.

“పరేషాన్ ఎందుకు మమ్మీ? ఫోన్‌ల యాప్ ఉన్నది, అండ్ల వేస్త. ఆటలెక్క ఆడుకుంట నేర్చుకో” అంది మా అమ్మాయి. ఎనభై ఊళ్ళూ ఒక గంటలో ఎక్కించేసింది. ఊరి పేరు వస్తుంది, కింద నాలుగు కోడ్లు ఉంటాయి, సరైనదాని మీద వేలు పెట్టాలి. కరెక్టయితే ఆకుపచ్చ వెలుగు, చప్పట్ల మోత. అంతవరకు నాకు చప్పట్లు కొట్టినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఆ చప్పుడు మహా నచ్చింది. స్టాఫ్ బస్సులో ఆడాను, అన్నం తింటూ ఆడాను, కుక్కర్ విజిళ్ళు వినుకుంటూ ఆడాను. మూడు వారాలు తిరిగేసరికి ఎనభైకి ఎనభై. బస్సులో నా పక్కన కూర్చునే ఆమెకు ఫోన్ చూపించి, “నువ్వింక నలభై కాడనే ఉన్నవా?” అని కూడా అడిగాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొదటి పరీక్షలో మాకో కాగితం ఇచ్చారు. ఎడమవైపు ఎనభై ఊళ్ళ పేర్లు, కుడివైపు ఎనభై ఖాళీ గీతలు. జవాబులేవని కాగితం తిప్పి చూశాను. వెనకాల తెల్లగా ఉంది.

“సార్, నాకిచ్చిన దాంట్ల ఆప్షన్లు పడలేదు” అన్నాను.

మా సూపర్‌వైజర్ కోస్తా మనిషి. ఎవరినీ గట్టిగా అనడు. “ఆప్షన్లు ఉండవమ్మా. మీరే రాయాలి” అన్నాడు. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

నా చదువు సంగతి అప్పుడు తెలిసింది. రాంచీ అన్న పేరు చూడగానే ఆకుపచ్చ వెలుగు గుర్తొస్తోంది, అది ఏ గడిలో వెలిగిందో కూడా గుర్తొస్తోంది, కోడ్ మాత్రం రావడం లేదు. ఎదురుగా ఉంటే ఠక్కున పట్టేసేదాన్ని. ఎదురుగా లేదాయె. పైగా ట్రాలీలు తోసి కాయలు కాసిన చేతిలో పెన్ను నిలవడం లేదు. పంతొమ్మిది రాసి ఇచ్చేశాను. బస్సులో నా పక్కనామెకు నలభై నాలుగు వచ్చాయి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, అందుకు ఇంకా మండి ఆమెతో మాట్లాడటం మానేశాను.

ఇంటికొచ్చి ఆ కోపమంతా గిన్నెల మీద చూపించాను. మేముండేది శంషాబాద్ ఊళ్ళో ఒక పాత ఇంటి వెనక పోర్షన్‌లో, కిరాయికి. ముందు వైపు ఇంటావిడ ఉంటుంది. డెబ్భై దాటిన మనిషి, ఉర్దూ మీడియం బడిలో టీచరుగా చేసి రిటైరయింది. మేమంతా ఖాలా అని పిలుస్తాం, అంటే పిన్ని. రోజూ సాయంత్రం ఆమె వాకిట్లో ఏడెనిమిదిమంది పిల్లలు ఉర్దూ అక్షరాలు దిద్దుకుంటుంటారు.

“ఆ గిన్నెలు ఏం పాపం జేసినయ్ బేటీ? ఏమయింది, నాకు చెప్పు” అంది ఖాలా గుమ్మం దగ్గరికి వచ్చి.

చెప్పాను. ఫోన్ కూడా చూపించాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని రెండు మూడు ఊళ్ళు నొక్కి చూసింది. చప్పట్లు విని నవ్వింది.

“మంచిగనే ఉన్నది. కానీ ఇది నిన్ను అడుగుతలేదు బేటీ. జవాబు అదే తెచ్చి ముంగట పెడ్తున్నది, నువ్వు వేలు పెడ్తున్నవ్, అంతే” అంది.

లోపలికి వెళ్ళి ఒక తఖ్తీ తెచ్చింది. అంటే పిడి ఉన్న చెక్క పలక. దాని మీద ముల్తానీ మట్టి తడిపి పూసి, ఎండలో ఆరబెట్టి, రెల్లు పుల్లను చెక్కి చేసిన కలాన్ని నల్ల సిరాలో ముంచి రాస్తారు. రాసింది అయిపోగానే నీళ్ళతో కడిగేసి మళ్ళీ మట్టి పూస్తారు. ఇప్పుడు అందరూ నోటుపుస్తకాలే వాడుతున్నారు గానీ, ఖాలా తన దగ్గరికొచ్చే పిల్లలకు మొదటి ఏడాది తఖ్తీ తప్ప ఇంకోటి ఇవ్వదు.

“నేను నేర్చుకోవాల్సింది ఇంగ్లీష్ అక్షరాలు గద ఖాలా” అన్నాను.

“తఖ్తీకి జబాన్ ఏంది? ఏది రాస్తే అది రాయించుకుంటది” అంది.

పది రోజులు రాశాను. కోడ్ల కాగితం పక్కన పెట్టుకుని, బడిలో ఇంపోజిషన్ రాసినట్టు ఒక్కో ఊరు పదేసి సార్లు. చేతిరాత కుదిరింది, కలం జారడం మానేసింది. నల్లటి అక్షరాలు బారుగా నిలబడుతుంటే నాకే ముచ్చటేసింది. పదకొండో రోజు తఖ్తీ తీసుకుపోయి ఖాలాకు గొప్పగా చూపించాను. ఆమె చూసింది, బాగుందంది, నా కాగితం తీసి తన మోకాలి కింద పెట్టుకుంది.

“ఇగ చెన్నైది రాయి” అంది.

పొద్దున్నే పదిసార్లు రాసిన చెన్నై. రాలేదు. కలం కొసన సిరా ఆరిపోయింది గాని ఒక్క అక్షరం రాలేదు. ఏడుపొక్కటే తక్కువ.

“చూసుకుంట రాస్తే చెయ్యి పని చేస్తది, దిమాగ్ పండుకుంటది. ఒక్కసారి చూడు. కాయితం బోర్ల పెట్టు. ఇగ రాయి. తప్పొస్తే రానియ్యి, అంటుకుపోతదా? తప్పు రాసినంక సరైంది చూస్తే గది యాదుంటది.”

అప్పటినుంచి లెక్క మారింది. రోజుకు ఐదు ఊళ్ళు. చూడాలి, బోర్లా పెట్టాలి, రాయాలి, సరిచూసుకోవాలి, కడగాలి. మళ్ళీ మట్టి పూసి ఎండలో పెట్టి, అది ఆరేలోపు నేను కూరకు తాలింపు వేసి, బట్టలు ఆరేసి వచ్చేదాన్ని. వచ్చేసరికి ఐదింట్లో రెండు మాయమై ఉండేవి. మాయమైనవాటిని వెతికి తెచ్చి మళ్ళీ రాయాలి. ఆ వెతకడంలో తల వేడెక్కిపోయేది. ఒకరోజు మా అమ్మాయి జాలిపడి, తొందరగా ఆరుతుందని హెయిర్ డ్రైయర్ తెచ్చింది. ఖాలా దాన్ని చూసి, “ఆగుడు గూడ చదువే బేటా, దాన్ని లోపల పెట్టు” అంది. నాకప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పుడైతే ఆమె మాటే నిజమంటాను.

ఇంకో పని కూడా పెట్టింది. కోడ్ ఒక్కటే రాస్తే సరిపోదట, ఆ ఊరి గురించి నాకు తెలిసింది ఒక ముక్క తెలుగులో రాయాలట. నేనెక్కడికి పోయాను గనక? కానీ ఆ ఊళ్ళ మనుషులు ఆరేళ్ళుగా నా ముందునుంచే పోతున్నారు. లేహ్ నుంచి వచ్చినవాళ్ళ ముక్కులు ఎండకు కమిలి పొట్టు లేచి ఉంటాయి. రాజమండ్రి వాళ్ళు పూతరేకుల డబ్బాలను చంటిపిల్లల్లా ఎత్తుకొస్తారు, ట్రాలీలో పెట్టనివ్వరు. వారణాసి నుంచి వచ్చే ముసలివాళ్ళ చేతిలో మూత బిగించిన చిన్న రాగి చెంబు ఉంటుంది. ఇన్నేళ్ళు ఇవన్నీ చూశానన్న సంగతి రాస్తుంటేనే తెలిసింది. రాసిన ప్రతి ఊరికీ ఒక మొహం వచ్చింది. మొహం గుర్తొస్తే దాని వెనకాలే కోడ్ వచ్చేది.

నెల తిరక్కముందే నాకొక వింత కనిపించింది. మా అమ్మాయి కోడ్ అడిగితే నోటితో వెంటనే చెప్పలేకపోయేదాన్ని, కానీ వేళ్ళు గాల్లో కదిలితే వచ్చేసేది. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. మా అమ్మ నేర్పిన ముగ్గు ఎన్ని చుక్కలదని అడిగితే నేను చెప్పలేను, పిండి చేతికిస్తే వేసేస్తాను. ఒకసారి చేతికి అలవాటైంది ఎక్కడికీ పోదన్నమాట. నా బుర్ర మీద నాకు ఆ రోజు మొదటిసారి నమ్మకం కలిగింది. సంతోషంతో ఆ పూట ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేశాను.

డ్యూటీలో తఖ్తీ ఉండదు కదా. కాగితం చీటీ జేబులో పెట్టుకుంటే చెమటకు తడిసి ముద్దయ్యేది. అందుకని ఎడమ ముంజేతి మీద రాయడం మొదలుపెట్టాను. ట్రాలీల వరుస పెట్టేసి వచ్చి, నీడన నిలబడి, కళ్ళు మూసుకుని ఐదు ఊళ్ళు తలుచుకుని, బాల్‌పెన్‌తో చేతి మీద రాసుకుని, చీటీతో సరిచూసి, నల్లా దగ్గర కడిగేసేదాన్ని. తఖ్తీ పద్ధతే, పలక బదులు చెయ్యి.

“ఏందక్కా, పచ్చబొట్లు పొడిపించుకుంటున్నవా?” అని మగపిల్లలు ఎగతాళి చేశారు. బస్సులో పక్కనామె మాత్రం నవ్వలేదు. నా దగ్గర పద్ధతి అడిగి, తన చేతి మీద కూడా రాసుకోవడం మొదలుపెట్టింది. మేమిద్దరం మాట్లాడుకోవడం అలా మళ్ళీ మొదలైంది.

రెండో పరీక్ష పొద్దున పదింటికి. బస్సులో భయం పట్టుకుంది. ఎప్పుడూ తడబడే పది ఊళ్ళను చేతి మీద రాసుకున్నాను. రెండు తప్పు పడ్డాయి, మదురై, మంగళూరు. ఆ రెండింటి కోడ్లూ ఎప్పుడూ ఒకదానిది ఇంకోదానికి రాసేదాన్ని. చీటీ చూసి కొట్టేసి సరిగ్గా రాసుకున్నాను. దిగగానే కడుక్కోవాలనుకున్నాను. బస్సు ఆలస్యమైంది. దిగీదిగడంతోనే అందరినీ హాల్లోకి తోలారు. భయంలో చేతి సంగతే మరిచిపోయాను. ఇన్ని గుర్తుపెట్టుకున్న మనిషిని, అదొక్కటి మరిచాను.

పరీక్ష నల్లేరు మీద బండిలా సాగిందని చెప్పను గాని, సాగింది. ఒక్కో పేరు చూడటం, కళ్ళు మూసుకోవడం, చెయ్యి కదలడం. లేహ్ దగ్గర కమిలిన ముక్కులు కనిపించి నవ్వొచ్చింది. ఎనభై గీతలూ నింపాను. కాగితం ఇవ్వడానికి చెయ్యి చాచాను. చొక్కా చెయ్యి పైకి జరిగింది.

“చేతి మీద ఏమిటమ్మా అది?” అన్నాడు సూపర్‌వైజర్.

చూసుకున్నాను. పది ఊళ్ళు, పది కోడ్లు, నీలం సిరా. ఆయన తన ఫోన్‌తో నా చేతిని ఫోటో తీశాడు. నా కాగితాన్ని మిగతావాటిలో కలపకుండా పక్కన పెట్టాడు.

“పోయినసారి పంతొమ్మిది. ఈసారి అన్నీ నింపావు. నేనేమనుకోవాలమ్మా? ఇది నీ రెండో అవకాశం, తెలుసుగా” అన్నాడు. గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేదనిపించింది.

“దాన్ని చూసి రాయలేదు సార్. పొద్దుగాల బస్సుల చదువుకుంట రాసుకున్న. కడుక్కునుడు మర్చిపోయిన.”

నా మాట నాకే అబద్ధంలా వినిపించింది. బస్సులో నా పక్కన కూర్చునే ఆమె లేచి, “నిజమే సార్, రోజు గట్లనే రాసుకుంటది” అంది. ఆమె చేతి మీద కూడా పాత నీలి చారలున్నాయని గుర్తొచ్చింది. నా మూలంగా ఆమె కూడా పోయేట్టుంది. అప్పుడు నాకు కోపమొచ్చింది. ఆయన మీద కాదు, ఎవరి మీదో కూడా తెలీదు.

“సార్, చెయ్యి కడుక్కొని వస్త. ఇంకో కాయితం ఇయ్యుండ్రి. ఊర్ల పేర్లు గూడ వద్దు, తెల్ల కాయితం చాలు. మీ ముంగటనే రాస్త” అన్నాను.

ఆయన సరేనన్నాడు. ఇంకో ఆమెను తోడిచ్చి పంపాడు. సబ్బుతో మోచేయి దాకా తోముకున్నాను, చర్మం ఎర్రబడేదాకా. రెండు చేతులూ పైకి మడుచుకుని వచ్చి, ఆయన బల్ల ఎదురుగా కూర్చున్నాను. తెల్ల కాగితం. దాన్ని చూస్తే భయం వేస్తుందనుకున్నాను, వేయలేదు. రోజూ మట్టి పూసిన పలక ఎదురుగా అలాగే కూర్చున్నదాన్ని.

తఖ్తీ మీద మొదటి రోజు నేర్చుకున్న ఐదు ఊళ్ళు రాశాను. తర్వాత రెండో రోజువి ఐదు. ఏ రోజు ఏ ఐదు నేర్చుకున్నానో అదే వరసలో వచ్చాయి. మధ్యలో ఒకచోట ఆగిపోతే, ఆ రోజు ఏం కూర వండానో తలుచుకున్నాను, గోంగూర, దాంతోపాటు ఆ ఊరూ వచ్చింది. ఆయన కదలకుండా చూస్తూ కూర్చున్నాడు. పరీక్ష రాసినవాళ్ళెవరూ బయటికి పోలేదు. డెబ్భై తొమ్మిది అయ్యాయి. ఎనభయ్యో ఊరు ఎంతకీ రాలేదు. వదిలేసి కాగితం ఇచ్చేశాను.

ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో ఊరినీ వెతికి చూడటం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. ఒకచోట ఆగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఫోన్ తీసి, నా చేతి ఫోటోను పెద్దది చేసి చూశాడు. అయిపోయిందనుకున్నాను.

“మదురై, మంగళూరు తప్పు రాశావమ్మా” అన్నాడు. “పరీక్ష కాగితంలోనూ తప్పే, ఇప్పుడు రాసినదాంట్లోనూ తప్పే. ఒకదానిది ఇంకోదానికి.”

“ఎప్పుడు గదే తప్పు చేస్త సార్” అన్నాను.

ఆయన ఫోన్ నావైపు తిప్పాడు. నా ముంజేయి, నీలం సిరా, మదురై, మంగళూరు. కొట్టేసినవాటి పక్కన రెండూ సరిగ్గా ఉన్నాయి.

“చెయ్యి చూసి రాసినదానివైతే ఈ రెండూ తప్పు రాయవు కదమ్మా” అన్నాడు. పక్కన పెట్టిన నా కాగితం తీసి, మిగతావాటి మీద పెట్టాడు.

నేను అక్కడే, అందరి ముందూ, బల్ల మీద తలపెట్టి గట్టిగా ఏడ్చాను. బస్సులో పక్కనామె వచ్చి ఒక చెయ్యి నా వీపు మీద వేసింది. ఆయన ఎర్ర పెన్ను తీసుకుని నా కాగితం పైన డెబ్భై ఎనిమిది అని వేశాడు.